ముట్టుకున్న మంత్రి

మా అక్క చేయి ఊరుకోదు. గోడమీద పటం వంకరగా ఉంటే సరిచేస్తుంది, కోటు మీద ముడత కనిపిస్తే సాపుచేస్తుంది, పరాయివాళ్ల కాలరైనా వదలదు. ముప్ఫై ఏళ్లు గుడ్డ కత్తిరించిన చేయి మరి. పక్కన కూర్చుని కాజాలు కుట్టేదాన్ని నేను. ఆ చేతి మొట్టికాయలు ఎన్ని తిన్నానో లెక్కలేదు.

కిందటేడు చదరంగం పోటీలో ఆ చేయే కొంప ముంచింది. వంకరగా నిలబడ్డ మంత్రిని అలవాటుకొద్దీ సర్దింది. ముందు "సర్దుతున్నా" అని చెప్పకుండా ముట్టుకుంటే ఆ పావునే కదపాలట. ఎదుట కూర్చున్న లెక్చరర్ పట్టుబట్టాడు. మంత్రి పోయింది, దాంతోపాటే ఆటా, క్లబ్బు జట్టులో చోటూ పోయాయి. దర్జీకి సూది చాలదా, చదరంగం దేనికని కూడా అన్నాడట. ఆ మాట ఏడాదంతా నా గొంతులో ముల్లయి కూర్చుంది.

ఈసారీ ఆఖరి ఆట ఆయనతోనే. గెలిస్తేనే జట్టులో చోటు. అక్క మధ్య బంట్ల జోలికి పోకుండా ఎడమ అంచు నుంచి రెండో బంటును ఒక్క గడి జరిపి, దాని వెనక ఒంటెను నిలిపింది. ఆయన నవ్వి నడిబొడ్డున బంట్లు పాతేశాడు. నేను మాత్రం నవ్వలేదు. షాపులో అక్క రోజూ చెప్పేది అదే: కత్తెర అంచు నుంచి రావాలి, క్రాస్‌గా కోసిన గుడ్డే సాగుతుంది. ఒంటె కూడా క్రాస్‌గా ఆయన రాజు కోటవైపే చూస్తోంది.

మూడు గంటల్లో మధ్య బంట్లు రాలిపోయి దారి తెరుచుకుంది. గడియారంలో ఆయనకు మిగిలింది రెండు నిమిషాలే. అప్పుడు అక్క చేయి వంకరగా ఉన్న మంత్రి మీద పడింది. "సర్దుతున్నా" అనలేదు. మళ్లీ అదే పొరపాటు అనుకున్నాను.

"ముట్టుకున్నారు. కదపాల్సిందే," అన్నాడాయన ఆత్రంగా.

"కదపడానికే ముట్టుకున్నానండి."

మంత్రి వెళ్లి రాజు ముందున్న బంటును కొట్టి అక్కడే నిలిచింది. దాన్ని చంపుదామంటే వెనక ఒంటె కాపు, పారిపోదామంటే గడి లేదు. ఆట కట్టు. ఆయన చేయి చాచాడు.

జట్టు పట్టిక రాసేవాడు ఏం పని చేస్తారని అడిగితే, నేనే అడ్డుపడి దర్జీ అని చెప్పాను, కాస్త పెద్దగానే. గర్వంగా ఉంటే దాచుకోవడం దేనికి? అక్క చూపు మాత్రం లెక్చరర్ మెడ మీదే ఉంది. కాలర్ ఒకవైపు లేచి ఉంది.

"సర్దుతున్నానండి," అని, చెప్పి మరీ సరిచేసింది.