మారు వడ్డన లేని ఫుల్ మీల్స్

నేను ఒక బర్గర్‌ను. బంగాళాదుంప బిళ్ళ పెట్టుకుని తిరిగే అల్లాటప్పా బర్గర్‌ను కాను, నా పేరు ఫుల్ మీల్స్ బర్గర్. కిందొక బన్ను, పైనొక బన్ను, మధ్యలో పప్పు కలిపి అదిమిన అన్నం బిళ్ళ, దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి, దాని మీద అప్పడం. బతికింది నలభై రోజులే గానీ, ఆ నలభై రోజులూ విజయవాడలో నా బొమ్మ లేని ఆటో లేదు.

నన్ను కనిపెట్టింది హైమవతి. 'బన్ రాజా' దుకాణంలో కొత్త వంటకాలు తయారుచేయడం ఆమె ఉద్యోగం. తండ్రి వీరభద్రయ్యకు గవర్నర్‌పేటలో ముప్పై ఏళ్ళుగా భోజనాల మెస్సు ఉంది. తిన్నవాడి నోటిని ఆయన నమ్మడు, విస్తరిని నమ్ముతాడు. ఆకును తనవైపు మడిచి లేచాడా, కడుపు నిండినట్టు. అవతలికి మడిచాడా, ఆ పూట వంటమనిషికి మూడినట్టే. కూతురు బర్గర్ల కొలువులో చేరిన రోజే ఆయన తేల్చి చెప్పాడు.

"మడవటానికి ఆకే లేని తిండి, అదేం తిండే?"

ఆ మాట హైమవతికి గుచ్చుకుంది. తను చేసింది కూడా భోజనమేనని నాన్న చేత ఒప్పించాలని పట్టుబట్టి నన్ను పుట్టించింది. నా మీద అంత బరువుందని నాకప్పుడు తెలియదు.

కంపెనీవాళ్ళు నన్ను నెత్తిన పెట్టుకున్నారు. బెంజి సర్కిల్ దగ్గర ఇల్లంత బుడగగా ఎగరేశారు. రేడియోలో గంటకోసారి 'చేతిలో ఫుల్ మీల్స్' అని ఊదరగొట్టారు. బెంగుళూరులో కూర్చుని ఆ మాట రాసినాయనకు తెలియనిదల్లా ఒక్కటే. విజయవాడలో ఫుల్ మీల్స్ అంటే పేరు కాదు, మాట ఇవ్వడం.

మొదటిరోజు ఒక రిటైరైన లెక్కల మాస్టారు నా పై బన్ను తీసి, గిన్నె మీది మూతలా పక్కన పెట్టాడు. అన్నం నాలుగు ముద్దల్లో ముగించి, ఎంగిలి చేత్తో అలాగే కూర్చున్నాడు.

"అమ్మాయ్, మారు అన్నం ఇంకా రాలేదు."

"ఒకటి కొంటే ఒకటేనండీ," అంది కౌంటర్లో పిల్ల.

"ఫుల్ మీల్సని మీరేగా బోర్డు పెట్టారు."

వెనక బల్ల నుంచి ఒకావిడ అందుకుంది. "మారు సంగతి తర్వాత, పెరుగన్నా తెండమ్మా. పెరుగు లేకుండా ఎట్టా లేవమంటారు?"

నిజంగానే లేవలేదు. అరగంట కూర్చుంది. ఆమెను చూసి ఇంకో పదిమంది కూర్చున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళకు చోటు లేక వెనక్కి పోయారు. హైమవతి పెరుగు కావాలని కంపెనీకి రాస్తే, వాళ్ళు ఇంకో బుడగ పంపారు.

నలభయ్యో రోజు మధ్యాహ్నం ఉత్తరువు వచ్చింది, సాయంత్రానికల్లా నన్ను మెనూ నుంచి తీసేయమని. సరిగ్గా అప్పుడే వీరభద్రయ్య లోపలికి వచ్చాడు. కబురు ఎవరు చేరవేశారో మరి. ఏమీ ఎరగనట్టు ఫుల్ మీల్స్ ఒకటి అడిగి బల్ల దగ్గర కూర్చున్నాడు. హైమవతి ఆఖరిసారి నన్ను తన చేతుల్తోనే చేసింది. పై బన్ను గట్టిగా అదిమేసరికి నా అప్పడం రెండు ముక్కలైంది.

ఆయన నన్ను చుట్టిన కాగితం విప్పి బల్ల మీద పరిచాడు. అలవాటుగా దాని చుట్టూ నీళ్ళు తిప్పాడు. బన్నులు పక్కన పెట్టి, అన్నం చిదిమి, గోంగూర కలిపి, మెతుకు మిగలకుండా తిన్నాడు. తిని, తలెత్తి కూతురి వైపు చూశాడు. ఎంగిలి చేత్తో అలాగే కూర్చున్నాడు.

హైమవతికి అర్థమైంది. కంపెనీ రూలును పక్కన పెట్టి, తన క్యారేజీ తెచ్చి విప్పింది. అన్నం వడ్డించింది, పెరుగు పోసింది.

"ఇంకాస్త వెయ్యనా నాన్నా?"

రెండు బుడగలు ఎగరేశారు గానీ, నా తరఫున ఈ మాట అన్నవాళ్ళు నలభై రోజుల్లో ఒక్కరూ లేరు. నాకు ఏడుపొచ్చింది. బర్గర్‌ను కాబట్టి బయటపడలేదు.

"చాలమ్మా," అన్నాడాయన. నా బన్నులు రెండూ కాగితం మధ్యలో పెట్టాడు. మూతలనుకున్నాడో ఏమో, కొరికి కూడా చూడలేదు. తర్వాత ఆ కాగితాన్ని నెమ్మదిగా తనవైపు మడిచాడు.

హైమవతి పమిట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను చెత్తబుట్టలో పడ్డ మాట నిజమే. కానీ తనవైపు మడిచిన కాగితంలో పడ్డాను.