అక్షరాలు చెరగని మీటలు

అందరూ ఒకే మాట మీద ఉండటమే ఆమెకు నచ్చలేదు.

ఊరికి అవతలి కొసన ఉన్న పెద్ద విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్సు మూడో సంవత్సరంలో ఆమెకు సీటిచ్చింది. ఇప్పుడు చదువుతున్న చిన్న విశ్వవిద్యాలయాన్ని వదిలి అక్కడికి మారుతుందో లేదో ఆ సాయంత్రంలోగా తెలియజేయాలి. ఊరుకుంటే సీటు మరొకరికి పోతుంది. ఒప్పుకుంటే ఇక్కడి చోటు మళ్ళీ దొరకదు. ఇంతటి వ్యవహారంలో ఇంటిల్లిపాదిలో ఒక్కరైనా అడ్డు చెప్పాలా వద్దా? నాన్న వెళ్ళమన్నాడు. అమ్మ వెళ్ళమంది. పేస్టు గొట్టాన్ని ఎక్కడ పట్టుకొని పిండాలన్న దాని మీద కూడా ఆమెతో పేచీ పెట్టుకునే అన్నయ్య సైతం, “వెళ్ళవే, మంచిదేగా,” అన్నాడు. ఆమె తలెత్తి అతని ముఖంలోకి నిదానంగా చూసింది.

“ఏంటలా చూస్తావు?”

“నా గది నీకు వస్తుందనా?”

“ఇంట్లోంచే కదవే రోజూ వెళ్ళొచ్చేది! ఎక్కే బస్సు మారుతుంది, అంతే. నీ గది నాకెలా వస్తుంది?”

“మరి ఇంత మంచిగా ఎందుకు మాట్లాడుతున్నావు?”

“అమ్మా! ఇన్‌స్పెక్టరమ్మ విచారణ మొదలెట్టింది. నన్ను లోపలేసేలోగా కాస్త కాఫీ ఇవ్వు.”

ఇన్‌స్పెక్టరమ్మ అన్నది ఇంట్లో పుట్టి తరగతి గదికి పాకిన పేరు. ఎవరైనా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే స్వభావం ఆమెది. ఇంట్లో తగువులకే పనికివచ్చిన ఆ గుణం చదువులో అక్కరకు వచ్చింది. తోటివారు రాసిన ప్రోగ్రాము వయసు అడిగితే సున్నా కంటే తక్కువ అంకెను, పేరు అడిగితే శూన్యాన్ని, తేదీ అడిగితే ఏ నెలలోనూ లేని తేదీని ఇచ్చి, అది కుప్పకూలేదాకా వదిలేది కాదు. కూలిన తరువాతే ఆమె ముఖం వికసించేది.

ఇంటివాళ్ళ సంగతి అటుంచి, ఆమెను నిజంగా కలవరపెట్టింది మేడమ్ ఇచ్చిన జవాబు. రెండేళ్ళుగా ఆమెకు ప్రోగ్రామింగు నేర్పుతున్న ఆవిడ ఏ విషయాన్నీ వెంటనే తేల్చే మనిషి కాదు. మాట్లాడే ముందు కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకొని, మళ్ళీ తీసేది. ఆవిడ ల్యాబులో ఒక నియమం ఉంది: ప్రోగ్రాము ఎక్కడైనా ఇరుక్కుంటే నేరుగా తన దగ్గరకు రాకూడదు. మూలనున్న చేతులు విరిగిన కుర్చీ ఎదుట నిలబడి, అందులో ఏమీ తెలియని మనిషి ఒకరు కూర్చున్నట్టు భావించి, మొదటి వరుస నుంచి ప్రతి వరుసా ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో పైకి వివరించాలి. తప్పు తమ నోటనే బయటపడి, చాలామంది సగంలో నాలుక కరచుకొని వెనుదిరిగేవారు. నిదానాన్ని అంతగా నమ్ముకున్న మనిషి, సీటు సంగతి చెవిన పడగానే, కళ్ళద్దాల జోలికైనా పోకుండా, “వెళ్ళమ్మా, ఆలోచించకు,” అంది.

ఆలోచించకు! ఆవిడ నోట ఆ మాట వినడం అదే ప్రథమం. బయటి పరీక్షకులు వచ్చిన రోజున వాళ్ళ ఎదుటే మేడమ్ స్వయంగా రాసిన ప్రోగ్రామును తాను కూల్చిన సంగతి ఆమెకు జ్ఞాపకం వచ్చింది. పొగపెడుతున్నారా?

దొరికిన ఆధారాలు చాలక, మధ్యాహ్నం ఆ పెద్ద విశ్వవిద్యాలయాన్ని కళ్ళారా చూసి రావడానికి బయలుదేరింది. అక్కడ ల్యాబుల నిర్వహణ చూసేది మావయ్య, అమ్మ తమ్ముడు. దరఖాస్తు పెట్టమని మొదట పోరు పెట్టింది ఆయనే. ఆయన ఆహా ఓహో అని కొనిపించిన టేబులు ఫ్యాను నేటికీ ఒక పక్కకు తిరిగి అక్కడే నిలిచిపోతుంది గనుక, ఆయన ఉత్సాహాన్ని కూడా ఆమె అనుమానాల్లోనే జమకట్టింది.

“చూశావా కోడలా, అద్దంలా ఉందా లేదా?” అన్నాడాయన ల్యాబు తలుపు బార్లా తెరిచి.

అద్దంలాగే ఉంది. అదే ఆమెకు మింగుడుపడలేదు. కుర్చీల చేతులకు ప్లాస్టిక్ తొడుగులు ఇంకా ఊడదీయలేదు. తెల్లబోర్డు మీద చెరిపిన గీత జాడైనా లేదు. ఆమె ఒక కీబోర్డు ముందు వంగి, వెలుతురు ఏటవాలుగా పడేటట్టు తల వాల్చి పరిశీలించింది. ప్రతి మీట మీదా అక్షరం నిన్ననే అచ్చువేసినంత స్పష్టంగా ఉంది. తమ ల్యాబులో సగం మీటల మీద అక్షరాలు అరిగి మాయమయ్యాయి; కొత్తగా చేరినవాళ్ళు తడుముకోవలసిందే.

“మావయ్యా, ఇక్కడ ఎవరూ పని చేయరా?”

“అదేం మాట!”

“మరి అక్షరాలు చెరగలేదేం?”

“నేను శుభ్రంగా తుడిపిస్తాను గనక.”

“తుడిస్తే దుమ్ము పోతుంది. అరుగుదల పోదుగా? అసలు పిల్లలేరీ?”

మావయ్య తలుపు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. “భోజనాలకు వెళ్ళుంటారు.”

“అందరూనా?”

“అచ్చం మా అక్క పోలికే నీది! నాకు పెళ్ళి కుదిరిందంటే సంతోషించకుండా, ఆ పిల్ల ఎందుకు ఒప్పుకుందని ఊరంతా ఆరా తీసింది.”

ఇక విచారణ అక్కర్లేదనుకుంది. ఇది చూపించడానికి కట్టిన ల్యాబు. చదువు జరిగే చోటు కాదు. ఉన్నచోటే ఉంటానని చెప్పేయాలని నిశ్చయించుకొని, మావయ్య లిఫ్టు మీట నొక్కబోతుండగా వద్దంది. లిఫ్టులను ఆమె నమ్మదు. ఆయన లిఫ్టులో, ఆమె మెట్ల మీదుగా దిగారు.

రెండు అంతస్తుల నడుమ మలుపు దగ్గర ఆమె కాలు పెట్టడానికి చోటు లేకపోయింది. మెట్ల నిండా పిల్లలు. ఒళ్ళో ల్యాప్‌టాపులు, గోడనున్న ఒకే ఒక్క ప్లగ్గు నుంచి ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయిన తీగలు. గోడ మీద అంటించిన కాగితాల నిండా బాణాలు, పెట్టెలు, కొట్టివేతలు. అంతా ఒకేసారి అరుచుకుంటున్నారు. ఆమె కళ్ళు అలవాటుగా మీటల మీదకు పోయాయి. సగం మీటలు బోడిగా ఉన్నాయి.

చదువు లేదనడానికి తాను చూపిన ముఖ్య సాక్ష్యం అక్కడికక్కడే చచ్చింది.

“ల్యాబులో కూర్చోరా?” అంది పట్టుబడ్డ దొంగలా.

“అక్కడ చలి. పైగా నోరెత్తితే మీదపడతాడు ఇన్‌ఛార్జి,” అంది పై మెట్టు మీది పొట్టి జుట్టు పిల్ల. “నువ్వెవరు? తీగ తొక్కకు.”

“చూడ్డానికొచ్చాను. ఇక్కడ చేరాలో వద్దో తేల్చుకోవాలి.”

“అయితే నీ దగ్గరున్నది చూపించు. మేమూ తేల్చుకుంటాం.”

చుట్టూ నవ్వారు. ఆమె రోషంతో తన ల్యాప్‌టాపు తెరిచింది. బస్సులో సీట్లు కేటాయించే ప్రోగ్రాము. ఎన్ని తప్పుడు సమాచారాలిచ్చినా చెక్కుచెదరదని ఆమెకు గర్వం. పొట్టి జుట్టు పిల్ల సున్నాలూ శూన్యాలూ ఏవీ ఇవ్వలేదు. పక్కనున్నవాడి ల్యాప్‌టాపులోనూ దాన్నే తెరిపించి, “ఊఁ అనగానే నొక్కు,” అంది. ఇద్దరూ ఒకే సీటును ఒకేసారి అడిగారు. ప్రోగ్రాము ఇద్దరికీ ‘మీదే’ అని జవాబిచ్చింది.

“ఇద్దరు ప్రయాణికులు, ఒక సీటు,” అంది ఆ పిల్ల. “ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోవాలా?”

ఆమె ప్రోగ్రామును మరొకరు కూల్చడం ఇదే మొదటిసారి. కింద తన కోసం ఎదురుచూస్తున్న మావయ్యను చూడగానే, “ఆ మెట్ల మీది పిల్లలకు నువ్వేమైనా ముందే చెప్పిపెట్టావా?” అని అడిగింది. ఏ మెట్ల మీది పిల్లలని ఆయన అడిగిన తీరు చూశాక, ఆ అనుమానాన్ని కొట్టేయక తప్పలేదు.

సాయంత్రం తన ల్యాబుకు వచ్చేసరికి మేడమ్ ఒక్కతే ఏదో దిద్దుకుంటూ ఉంది. ఆమె ఆవిడ దగ్గరకు పోలేదు. మూలకు వెళ్ళి, చేతులు విరిగిన కుర్చీ ఎదుట నిలబడింది.

“మొదటిది,” అంది కుర్చీతో. “అక్కడ మీటలు కొత్తవి, కాబట్టి ఎవరూ పనిచేయరు అనుకున్నాను. తప్పు. పనంతా మెట్ల మీద చేస్తున్నారు. రెండోది, మావయ్యకు ఏదో లాభముందనుకున్నాను. పాపం, మెట్ల మీద ఏముందో ఆయనకే తెలియదు. మూడోది... మేడమ్ ప్రోగ్రామును నేను నలుగురిలో కూల్చాను. కాబట్టి మేడమ్‌కు నా మీద కోపం. కాబట్టి వెళ్ళమన్నారు. ఈ వరుస ఎన్నిసార్లు చదివినా సరిగ్గానే ఉంది.”

“లేదు,” అంది మేడమ్ తలెత్తకుండా. “ఆ రోజు నేను ఇంటికి వెళ్ళి మా ఆయనకు మూడుసార్లు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన విసుక్కున్నాడు కూడా.”

ఆమె గిరుక్కున మేడమ్ వైపు తిరిగింది.

“ఇక్కడ అందరివీ నువ్వే పడగొడతావమ్మా. నాదీ పడగొట్టావు. నీది పడగొట్టేవాళ్ళు ఇక్కడ లేరు. నాకు చేతకాదు. అక్కడ ఉంటారని విన్నాను.”

“ఉన్నారు,” అంది ఆమె మెల్లగా. వెంటనే మళ్ళీ కనుబొమలు ముడిచి, “అయితే అదే చెప్పొచ్చుగా మేడమ్? ఆలోచించకు అన్నారు. మీరు!”

మేడమ్ కళ్ళద్దాలు తీసింది. తుడిచింది. పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

“ఆలోచిస్తే ఉండిపొమ్మంటానేమోనని భయం వేసింది. అందుకే ఆలోచన లేకుండా చెప్పేశాను.”

ఆమె ఆ మాటను అటు తిప్పి, ఇటు తిప్పి, వెలుతురుకు పట్టి చూసింది. ఎక్కడా పగులు దొరకలేదు. తన పాత చోటులో కూర్చొని, బోడి మీటల మీద, తెర వైపే చూస్తూ, వస్తున్నానని టైపు చేసి పంపింది. మేడమ్ కాగితాలు దిద్దుతూనే ఉంది గాని, చాలాసేపటి నుంచి పేజీ తిప్పలేదు.

నడవాలోకి వచ్చి మావయ్యకు ఫోను చేసింది.

“మావయ్యా, ఒప్పుకున్నాను. మీ దగ్గరికే వచ్చేస్తున్నాను.”

అవతల ఆయన గొంతు తగ్గించి అడిగాడు:

“ఇంత తొందరగానా? ఏం జరిగింది? అక్కడ నిన్నెవరైనా ఏమన్నా అన్నారా? నిజం చెప్పవే.”