తెల్ల గుడ్డకు అంటిన పసుపు

రోజూ పొద్దున్నే వంటింటి కిటికీ గట్టును తెల్ల గుడ్డతో తుడిచి చూడటం ఏడాదిగా నాకు అలవాటు. గుడ్డ తెల్లగానే ఉంటే అత్తయ్య మంచం కిటికీ పక్కన. లేత పసుపు పుప్పొడి అంటితే మంచం గది మధ్యకు. ఆ రోజు మాత్రం పసుపు కొమ్ము అరగదీసినట్టు అంటింది. పైగా సాయంత్రం నాలుగింటికి ఉరుములు, ఈదురుగాలులతో పెద్ద వాన అని ఫోన్‌లో హెచ్చరిక.

పుప్పొడి ఒక్కటే అయితే మాత్రలతో సరిపెట్టుకుంటాం. వాన ఒక్కటే అయితే ఆ బాధా లేదు. రెండూ కలిసిన రోజునే కిందటేడు అత్తయ్యకు ఊపిరాడక మూడు రోజులు ఆసుపత్రిలో పెట్టాం. "మబ్బు తడికి పుప్పొడి గింజ పగిలి పిండవుతుంది. గింజనైతే ముక్కు ఆపుతుంది, పిండిని ఆపలేదు" అని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి రాగానే ఫ్రిజ్ తలుపు మీద నాలుగు పనులు రాసి అంటించాను. కిటికీలు మూయాలి, తలుపు సందుల్లో తడిగుడ్డ పెట్టాలి, ఇన్‌హేలరు చేతికందేలా ఉంచాలి, వాన వెలిశాక గంట ఆగాలి.

మూడున్నరకల్లా మొదటి మూడూ అయిపోయాయి.

"ఇంటిని డబ్బా చేసి మూత బిగించావు కదే" అంది అత్తయ్య. నలభై ఏళ్ళు కుట్టు మిషను ముందు కూర్చున్న మనిషి. వానకు ముందొచ్చే చల్లగాలి మొహానికి తగలకపోతే ఆవిడ లెక్కలో వాన రానట్టే.

"కాసేపు ఆగండి అత్తయ్యా, గాలి ఎక్కడికీ పోదు."

"నేను పోకుండా చూడు, చాలు."

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన ఆడపడుచు, మబ్బు చూసి కండక్టరు బ్యాగు కుర్చీలో పడేసి డాబా మీదకు పరుగెత్తింది. రెండు చేతులా బట్టలతో దిగింది.

"ఒక్క చుక్క పడకుండా తెచ్చేశా వదినా! మార్కులెయ్యి."

"వందకు వంద" అన్నాను, తలెత్తకుండానే. ఆమె తీసిన పెరటి తలుపు కింద తడిగుడ్డ మళ్ళీ దోపుతున్నాను.

ఎండ వేడి ఇంకా తగ్గని దుప్పటిని ఆమె అమ్మ మంచం మీద పరిచి, దిండుకు గలీబు తొడిగింది. అత్తయ్య హాయిగా నడుం వాల్చింది. బయట గాలి లేచి అద్దాలు దడదడలాడాయి. లోపల కాగితం ముక్క కదల్లేదు. లోలోపల నన్ను నేనే మెచ్చుకున్నాను.

పది నిమిషాలు కాలేదు, గదిలోంచి పిల్లికూతలు వినిపించాయి. అత్తయ్య లేచి కూర్చుని మంచం అంచు పట్టుకుంది. మాట సగంలో తెగిపోతోంది.

"అన్నీ మూసే ఉన్నాయిగా వదినా!"

ముందు ఇన్‌హేలరు. గొట్టం పెట్టి, గడియారం చూస్తూ, ఒక్కో పీల్పు ఇచ్చాను. "పావుగంటలో తగ్గకపోతే ఆంబులెన్సు. ఫోను పట్టుకుని ఉండు" అని ఆడపడుచుకు చెప్పాను. మరో చేత్తో జేబులోని తెల్ల గుడ్డ తీసి ఆ గది కిటికీ గట్టు తుడిచాను. తెల్లగానే ఉంది. గలీబు మీద రుద్దాను. పసుపు.

ఆ దుప్పటినీ, గలీబునూ పొద్దున డాబా మీద ఆరేసింది నేనే. గట్టు తుడిచి చూసిన చేతులతోనే.

అత్తయ్యను ముందు గది కుర్చీలోకి మార్చి, మొహం కడిగి, చీర మార్చాం. ఆడపడుచు దుప్పటి దులపబోయింది.

"దులపకు! ఉన్నదున్నట్టు బకెట్లో ముంచు."

ఎనిమిదో నిమిషానికి కూతలు పలచబడ్డాయి. పన్నెండో నిమిషానికి అత్తయ్య మొదటి పూర్తి వాక్యం మాట్లాడింది.

"కిటికీలకు గొళ్ళెం పెట్టావు గానీ, నా పక్కబట్టలకు పెట్టలేదే!"

"నా మార్కులు?" అంది ఆడపడుచు.

"సున్నా. ఇద్దరికీ" అన్నాను.

నవ్వబోయి దగ్గింది అత్తయ్య. మామూలు దగ్గే.

వాన వెలిసి గంటయ్యాక గట్టు తుడిచి చూశాను. గుడ్డకు నీళ్ళే అంటుకున్నాయి. కిటికీ తెరిచాను. తర్వాత ఫ్రిజ్ మీద కాగితంలో అయిదోది చేర్చాను: బట్టలు ఇంట్లోనే ఆరెయ్యాలి.

పొద్దున చూస్తే దాని కింద అత్తయ్య గుండ్రటి అక్షరాల్లో ఆరోది ఉంది: గంట కాగానే, అడిగించుకోకుండా, అత్తకు కిటికీ తియ్యాలి.