టీ ఇచ్చిన చేతులు

మధ్యాహ్నం కాస్త కన్నంటుకుంది. లేచేసరికి మంచం మీద నా పక్కనే ఉతికిన దుప్పట్లన్నీ మడతపెట్టి ఉన్నాయి. మామూలు మడతలు కావు. మూలకు మూల అతికినట్టు, అంచు బయటికి కనిపించకుండా, నేను పనిచేసిన ఆస్పత్రి లాండ్రీలో పెట్టే మడతలు. ఇంట్లో ఆ మడత తెలిసింది నాకొక్కదానికే. నేనేమో నిద్రపోయాను.

"ఎవరు మడిచారత్తయ్యా?"

గుమ్మంలో కూర్చున్న అత్తయ్య నావైపు అదోలా చూసింది. "నువ్వే కదే! పిలిస్తే పలకలేదు. గురక పెడుతూనే మడతలు పెట్టావు." మళ్లీ దుప్పట్లవైపు చూసి, "బానే ఉన్నాయిలే, మెలకువగా ఉన్నప్పటికంటే నీటుగా వచ్చాయి" అంది.

ఇంకొకరైతే జడుసుకునేవారు. నేనూ జడుసుకున్నాను. కానీ భయమేస్తే నాకు జోకులొస్తాయి. అదో జబ్బు, దానికి భృతి లేదు. "పోనీలెండి, నేను పడుకున్నా పని పడుకోలేదు" అన్నాను. అత్తయ్య నవ్వింది. నాకు మాత్రం నా వేళ్లవైపు చూడబుద్ధి కాలేదు.

ఏళ్ల తరబడి ఆ లాండ్రీలో ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడ్డాను. ఇస్త్రీలో స్త్రీ ఉందని చెప్పి తోటివాళ్లను తెగ నవ్వించేదాన్ని. ఆవిరి పట్టి చదును చేస్తున్నది ఆ స్త్రీనేనని తర్వాత తెలిసింది. ముందు వేళ్ల చివర్లు మొద్దుబారాయి, తర్వాత అరచేతులు, చివరికి మణికట్టు దాకా స్పర్శ పోయింది. వేడి తెలియదు, తడి తెలియదు, పట్టుకున్నానో వదిలేశానో కళ్లతో చూస్తే తప్ప తెలియదు. ఒకరోజు పక్కామె కేక పెడితే గానీ నా చెయ్యి కాలే పలక మీద ఉందని తెలియలేదు. ఉద్యోగం పోయింది. పని చెయ్యలేనివాళ్లకు ప్రభుత్వమిచ్చే భృతికి దరఖాస్తు పెట్టాను. కాదన్నారు. విచారణ అడిగాను. విచారణ అని ఎందుకన్నారో వెళ్లొచ్చాక అర్థమైంది, విచారం మిగిలింది.

బల్లకి అటువైపు ముగ్గురు: పెద్దాయన, డాక్టరు, రాసుకునే ఆవిడ. ఇటువైపు నేనూ మావారూ. మధ్యలో బంట్రోతు టీ ట్రే తెచ్చి బల్ల చివర పెట్టి వెళ్లాడు. డాక్టరు నా నరాల రిపోర్టు గురించి అడుగుతున్నారు, నేను చెబుతున్నాను. చెబుతూ ఉండగా పెద్దాయన "థాంక్స్" అన్నారు. ఎందుకా అని చూస్తే ఆయన చేతిలో కప్పు. అందరి చేతుల్లోనూ కప్పులు. నేను లేచి నిలబడి ఉన్నాను, ఖాళీ ట్రే నా చేతుల్లో ఉంది. ఎప్పుడు లేచానో నాకు తెలియదు.

ఇంటిపని ఎవరు చేస్తారని మావారిని అడిగారు. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన నన్నంతగా పొగడలేదు. "ఒక్కపూట లోటు రానివ్వదండీ. ఆమె చెయ్యి పడితేనే మా ఇల్లు ఇల్లు!"

తీర్పు ఇంటికొచ్చింది. దరఖాస్తుదారు అందరికీ టీ అందించగా సభ్యులు స్వయంగా చూశారట. ఇంటిపనులన్నీ చేస్తుందని భర్తే ఒప్పుకున్నాడట. కాబట్టి చేతులు పనిచేస్తున్నాయట. "రోజంతా ఇంట్లోనే కదా వదినా, నీకేం పని?" అంటుంది మా ఆడపడుచు. మా ఇంట్లో ఉన్నంతకాలం అది పనే కాదు. ఆ బల్లమీదికి ఎక్కేసరికి ఎక్కడలేని పనీ అయిపోయింది, దాంతో నా పనీ అయిపోయింది.

ఆ తీర్పు మీద నా తరఫున అప్పీలు చూస్తున్న లాయరమ్మ చిన్నపిల్ల, గట్టిపిల్ల. "అక్కా, పైవాళ్లు కథంతా మళ్లీ వినరు. కిందివాళ్లు ఎక్కడ తప్పారో చూపించాలి. మీరు టీ ఇవ్వడం చూశారు సరే, తెలిసే ఇచ్చారా అని ఒక్కరైనా అడిగారా? అదీ తప్పు. మీవారు కూడా తన మాట సరిదిద్దుకుంటే మనకి బలం."

మావారికి చెప్పాను.

"సరిదిద్దడానికి నేనేమన్నా అబద్ధమాడానా? వంటవుతోంది, బట్టలు ఉతుకుతున్నావు. నా పెళ్లానికి చేతకాదని నలుగురిలో నా నోటితో చెప్పాలా?"

"చెప్పండి. నిజం అదే."

"మరి ఈ ఇంట్లో పనంతా ఎవరు చేస్తున్నారు? దయ్యమా?"

ఆయన అడుగుతున్నంతసేపూ నా చేతులు ఆయన చొక్కాకి గుండీ కుడుతున్నాయి. సూది నా వేలికి ఒకవైపు దూరి ఇంకోవైపు తేలింది. మళ్లీ గుడ్డలోకి దిగింది. నొప్పి ఎవరికో పుట్టే ఉంటుంది, నా దాకా రాలేదు. ఆయన చూడలేదు. నేను చూశాను. దయ్యమా అన్న ప్రశ్నకి నాకు వెంటనే కాదనాలనిపించలేదు.

అప్పీలు ఆఫీసుకి ఇద్దరం వెళ్లాం. గుమాస్తా వేలిముద్రల యంత్రం నా ముందుకు జరిపాడు.

"పెట్టండమ్మా. తుడిచి పెట్టండి. ఇంకో వేలు. ఆ చెయ్యి."

యంత్రం ఒక్క వేలినీ ఒప్పుకోలేదు. అతను నా అరచెయ్యి వెలుతురులోకి తిప్పి చూశాడు. గొంతు తగ్గింది.

"గీతలు లేవమ్మా. ఈ వేళ్లు ఎవరివో దీనికి తెలియట్లేదు."

"అయితే అప్పీలు తీసుకోరా?"

"ఇంట్లోవాళ్లు గుర్తు చెబితే తీసుకుంటాం. ఏవండీ, మీ భార్యేనా? చేతుల మీద ఏదైనా మచ్చ, దెబ్బ, ఏదో ఒకటి చెప్పండి. చూడకుండా చెప్పాలి."

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆవిరి మచ్చలున్నాయి, కత్తి గాట్లున్నాయి, మొన్నటి సూదిగాయం ఇంకా మానలేదు. ఏ ఒక్కటి చెప్పినా చాలు.

ఆయన ఒళ్లో ఉన్న కాగితాల సంచీ సర్దుకున్నారు. "చేతులే కదండీ. అందరికీ ఉన్నట్టే."

"రోజూ చూస్తారు కదా సార్?"

"చూస్తానండీ. అన్నం పెట్టేటప్పుడు..."

"ఏం చూశారు?"

నిజమే చెప్పారు పాపం. "అన్నం" అన్నారు.

గదిలో ఎవరూ నవ్వలేదు. నాకూ జోకు రాలేదు.

గుమాస్తా నా ఫొటోనీ ముఖాన్నీ మార్చి మార్చి చూసి, చివరికి ముఖాన్ని బట్టే అప్పీలు తీసుకున్నాడు. "ఫారంలో భర్త మాట అన్నచోట ఖాళీగా ఉందమ్మా. ఏం రాయను?"

"ఇప్పుడాయన అన్నదే రాయండి" అన్నాను. "అన్నం చూశాడు. చేతులు చూడలేదు."

రాశాడు. చదివి వినిపించి కలం మావారి ముందు పెట్టాడు. ఆయన నావైపు చూడకుండా సంతకం చేశారు. లేచి, అలవాటుగా, బరువు సంచీ నావైపు చాచారు.

"పట్టుకో. ఇంటికెళ్లి వంట చెయ్యాలిగా."

నా చేతులు లేచాయి. సగం దూరం వెళ్లి గాలిలో ఆగాయి. మొదటిసారి, ఏం చెయ్యమంటావని అడుగుతున్నట్టు, రెండూ మెల్లగా నావైపు తిరిగాయి.

వద్దన్నాను.