జీడి గుర్తు

తెల్లవి ఒక పక్క, రంగువి ఒక పక్క, ఒంటికి తగిలేవి వేరే. ధవళేశ్వరం కాలవ రేవులో కూర్చుని నూకాలు మిషను బంగళా మూట విప్పి, బట్టల్ని ఒక్కొక్కటే దులిపి విడదీస్తోంది. వెనక పొయ్యిమీద బాన మసులుతోంది. చౌడు కలిపిన నీళ్ళ వాసన రేవంతా కమ్ముకుంది. పక్క బండ దగ్గర తోటికోడలు పోలమ్మ అప్పుడే ఉతుకు మొదలుపెట్టింది.

నూకాలు సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి ఉంటుంది. ఎప్పుడూ నీళ్ళలో నానే పాదాలు తెల్లగా పాలిపోయి, మడమల దగ్గర బీటలు తీశాయి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం నల్లగా కమిలి ఉంటాయి. బట్టలకి గుర్తులు పెట్టేది ఆవిడే. నల్లజీడి గింజ పొడిచి, పుల్లతో ఆ రసం బట్ట కొసన అద్ది, మీద సున్నం రాస్తే ఇక ఆ గుర్తు బట్ట చిరిగినా పోదు. చర్మానికి తగిలితే మాత్రం బొబ్బలెక్కుతుంది. కరణంగారింటికి రెండు నిలువుగీతలు, బంగళాకి ఇంటూ గుర్తు, ఇలా ఇంటికొకటి.

బట్ట చేతికి రాగానే ఆవిడ మరకకన్నా ముందు కొస చూస్తుంది. అది పనిలో అలవాటేనని సరిపెట్టుకోవచ్చు. కానీ సంతలో ఎదురైన మనిషి కండువా కొసా, గుళ్ళో ముందు నిలబడ్డవాడి పంచె కొసా, పడవవాళ్ళ తలపాగా కొసా కూడా అలాగే చూస్తుంది. ఊళ్ళో కొందరు నవ్వుకుంటారు, కొందరు కొస లోపలికి దోపుకుంటారు. దోపుకున్నవాడిమీద ఆవిడకి వెంటనే అనుమానం. అనుమానం పెనుభూతమంటారు గానీ, నూకాలు ఇంట్లో ఆ భూతం ఏడేళ్ళుగా మనిషిలాగే మసులుతోంది. పొద్దున్నే ఆవిడతోపాటే లేస్తుంది, ఆవిడతోపాటే రేవుకొస్తుంది.

గోదారిమీద రైలు వంతెన కడుతున్న రోజులవి. అప్పటికి ఏడేళ్ళ ముందు ఇటు రైలే లేదు, కాకినాడ వెళ్ళాలంటే పడవే గతి. నూకాలు ఒక్కగానొక్క కొడుకు చిట్టియ్య పెదబాబు సరంగు పడవెక్కి కాకినాడ బయల్దేరాడు. పదిరోజులకి పెదబాబు తిరిగొచ్చి, దారిలో పిల్లాడికి వాంతులూ భేదులతో మరిడి తగిలిందనీ, తెల్లారేలోపే ప్రాణం పోయిందనీ, అనపర్తి దాటాక గట్టుమీద కట్టుబట్టతో, దుప్పటితో సహా పూడ్చేశామనీ చెప్పాడు. చెప్పినంతసేపూ నేలచూపులు చూశాడు. ఎక్కడ పూడ్చారో చూపించమంటే, వాన పడింది, ఆనవాలు తెలీదన్నాడు. ఆ తరవాత నూకాలు రేవు ముందునుంచి వెళ్ళవలసి వచ్చినప్పుడల్లా పడవని అవతలి గట్టు వార నడిపించి, మొహం అటు తిప్పుకుంటాడు. ఈ పొద్దునా అలాగే వెళ్ళాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, తను ఏమీ అడక్కుండానే ఎందుకు దాక్కోవాలి? చంపేశారేమో. కాలవలోకి తోసేశారేమో. అసలు బతికుండగానే ఏ గట్టునో పారేశారేమో. కూలీల ఓడెక్కించి ఏ దేశానికో అమ్మేశారేమో. ఇలా రోజుకొకటి అనుకుంటూ నూకాలు బట్టలు బాదుతుంది.

బంగళా మూటలో సగం అయ్యాక ముతక దుప్పటి ఒకటి తగిలింది. నూకాలు చెయ్యి ఆగింది. దొరసాని వాడే దుప్పట్లు ఆవిడకి తెలుసు. ఇది ఆ ఇంటిది కాదు. ఇంటిది కాకపోతే ఎవరిదో ఊహించడం కష్టమేమీ కాదు. కొత్తగా వచ్చిన బడి పంతులు యెహెజ్కేలు, మాలపేట మనిషి, కిరస్తానంలో కలిసినవాడు. పెళ్ళాంతో బంగళా వెనక గదుల్లో దిగాడు. పేటవాళ్ళ బట్ట ఊరి చాకలి ముట్టకూడదు. అది తాతలనాటి కట్టుబాటు. ముడితే కులపెద్ద రేవు మాన్పించేస్తాడు, పెద్దిళ్ళు మూటలు వెయ్యడం మానేస్తాయి. కిందటివారం బంగళా వంటవాడు కిసుక్కున నవ్వి, "చాకలి కొత్త, మంగలి పాత అన్నారు, నువ్వు పాతబడ్డావే నూకాలూ" అన్నాడు. ఆ నవ్వెందుకో ఇప్పుడు తెలిసిందనుకుంది. తనకి తెలీకుండా తనచేత ఉతికించి, తరవాత ఊళ్ళో చెప్పి రేవునించి గెంటించాలని ఎత్తు.

పొయ్యి పక్కనున్న పుల్ల తీసి దుప్పటిని దాంతో ఎత్తింది, గట్టుమీదికి విసిరేద్దామని. కొస విడి కిందికి వేలాడింది. కొసన మూడు చుక్కలు, కింద ఒక అడ్డగీత, గీత చివర చిన్న వంపు.

చాకలింటి బట్టకి గుర్తుండదు. ఆ వంపు తిరిగిన గీత ప్రపంచంలో ఒక్క బట్టకే ఉంది. పడవెక్కే ముందురోజు చిట్టియ్య, "ఊరందరికీ వేస్తావు, నాకూ ఒకటి వెయ్యవే" అని దుప్పటి ఒళ్ళో పడేశాడు. నలుగురిలో పడుకుంటాడు, బట్టలు కలిసిపోతాయి కదా అని ఆవిడా సరేనంది. గీత గీస్తుంటే వెనకనుంచి చక్కిలిగింత పెట్టాడు. ఆ వంపు అలా వచ్చింది.

చిట్టియ్య ఆ రేవులోనే మూటలమధ్య నిద్రపోయి పెరిగాడు. కళ్ళు మూసి బట్ట వాసన చూసి ఏ ఇంటిదో చెప్పేవాడు. సగం తప్పులే, కానీ ఎంత ధీమాగా చెప్పేవాడంటే పోలమ్మ నమ్మేసేది. నోరు మాత్రం ఆగేది కాదు. జనార్దనస్వామి తీర్థానికి కరణంగారి జరీపంచె కట్టుకుని తిరుగుతూ ఆయనకే ఎదురుపడ్డాడు. ఇంకొకడైతే కాళ్ళమీద పడేవాడు. వీడు, "ముందు కట్టుకు చూస్తేనేగా బాబయ్యా ఉతుకు కుదిరిందో లేదో తెలిసేది" అన్నాడట. కరణంగారు తిట్టబోయి నవ్వేశారు. బండ కొట్టుడు వాడికి గిట్టలేదు. బంగళాలో ఇస్త్రీ నేర్చుకున్నాడు. కాకినాడలో దొరలు చొక్కా ముడత పడితే ఊరుకోరని, అక్కడైతే తన చెయ్యి మెరుస్తుందని బయల్దేరాడు. మీసం అప్పుడే నూగుగా వస్తోంది.

నూకాలు దుప్పటి చంకన పెట్టుకుని లేచింది. పోలమ్మ కేకేసినా వినిపించుకోలేదు. కట్టుబట్టతో పూడ్చేశామన్న దుప్పటి ఇక్కడెలా ఉంది? పెదబాబు అమ్ముకున్నాడా? శవంమీంచి వీళ్ళే లాక్కున్నారా? బంగళా చేరేలోపు ఆవిడ మనసులో పంతులూ పెళ్ళామూ దొంగలైపోయారు.

బంగళా వెనక వాకిట్లో పంతులు పెళ్ళాం జ్ఞానమ్మ బియ్యం చేటలో పోసి మట్టిగడ్డలు ఏరుతోంది. పొట్టిగా, నిండుగా, తెల్లచీరలో ఉన్న మనిషి. నూకాలు చంకలోని దుప్పటి చూడగానే చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఇది నీకెక్కడిదే?" అంది నూకాలు.

"నేనే వేశానండి మూటలో. వంటాయనకి తెలీదు."

"ఎందుకేశావ్?"

"ఎవరైనా తగువుకొస్తారేమోనండి. ఏడేళ్ళనుంచీ ఎవరొస్తారా అని చూస్తున్నా."

నూకాలుకి ఒళ్ళు మండింది. ఇదేదో తెలివైన అబద్ధానికి ఎత్తుకోవడం అనుకుంది. గుమ్మం ఎక్కకుండా, ఎండలోనే నిలబడి వింది.

ఏడేళ్ళ కిందట జ్ఞానమ్మవాళ్ళది అనపర్తి పక్కన కాలవగట్టు పేట. ఒక సాయంత్రం పడవొకటి ఆగి, ఒక కుర్రాణ్ణి చింతచెట్టు కింద దింపి, ముంతలో నీళ్ళు పెట్టి వెళ్ళిపోయింది. మరిడి మనిషి ఉన్న పడవని లాకు దాటనివ్వరని వాళ్ళ భయం. యెహెజ్కేలు వెళ్ళి చూస్తే ప్రాణం ఉంది. ఎత్తుకొచ్చి ప్రార్థన పాకలో పడుకోబెట్టాడు.

అంటే బతికుండగానే పారేశారు. ఏడేళ్ళ అనుమానాల్లో ఒకటి నిజమైంది. నూకాలుకి దానివల్ల ఊరట కలగలేదు సరికదా, మిగతా అనుమానాలన్నీ ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. వీళ్ళు మాత్రం మంచివాళ్ళని ఎలా నమ్మడం? ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకుంటారు.

"గంజి పట్టబోయి ఆగామండి," అంది జ్ఞానమ్మ. "ఎవరి బిడ్డో, రేపు లేచాక కులంవాళ్ళు వెలేస్తారేమోనని. మేం పేటవాళ్ళం బాబూ, మా చేతి గంజి తాగుతావా అని అడిగాం. 'ముందు గంజి పొయ్యమ్మా, అడగాల్సినవి తరవాత అడుగుదువుగాని' అన్నాడండి."

నూకాలు అలా వాకిట్లోనే కూలబడిపోయింది. ఏ దొంగా కల్పించలేని మాట అది. ఆ నోరు తను కన్నదే. ఏడేళ్ళుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. జ్ఞానమ్మ దగ్గరికొచ్చి, తాకాలా వద్దా అని తటపటాయించి, రెండడుగుల దూరంలో తనూ నేలమీద కూర్చుంది.

కాసేపటికి మిగిలింది కూడా చెప్పింది. ఎవరు దింపేశారని అడిగితే, తనే దింపెయ్యమన్నాననీ, వాళ్ళనేమీ అనొద్దనీ చెప్పాడట. అది నిజమో, పెదబాబుని కాయడానికి అన్నాడో తెలీదు. మర్నాడు కాస్త తేరుకున్నట్టే కనిపించి, దుప్పటి కొస చూపించి, అమ్మ వేసింది, ఇలాంటిది ఇంకోటి లేదన్నాడు. ఊరు అడిగేసరికి మాట పడిపోయింది. ఆ రాత్రి గడిచి తెల్లవారుజామున యెహెజ్కేలు ఒళ్ళో తలపెట్టుకుని పోయాడు.

"మా పేట సమాధుల తోటలోనే పెట్టామండి. దుప్పటి మాత్రం ఉంచాను. చాకలి గుర్తు కదా, చాకలివాళ్ళే పోలుస్తారని. మా బట్టలు ఏ చాకలీ ముట్టరు, చూపించబోతే దూరం జరిగేవాళ్ళు. ఇక్కడికొచ్చాక బంగళా మూట కనిపించింది. కొయ్య శిలువమీద ఏం రాయాలో తెలీక ఆయన ఆ మూడు చుక్కలూ గీతా చెక్కారండి. ఇప్పటికైనా చెప్పండి, బాబు పేరేంటి?"

"చిట్టియ్య," అంది నూకాలు. ఎంతోకాలంగా ఆ పేరు ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

జ్ఞానమ్మ ఆ పేరు తనలో తను ఒకసారి అనుకుంది. దుప్పటి మీరు తీసుకెళ్ళండి, మీదే కదా అంది. నూకాలు దాన్ని ఒళ్ళో పరిచి చూసింది. రెండుచోట్ల సన్నని కుట్లతో మాసికలు వేసి ఉన్నాయి. మధ్యలో మరక ఒకటి ఉతికి ఉతికి చెరిపిన జాడ ఉంది. ఆ చెయ్యి ఎంతసేపు రుద్ది ఉంటుందో ఆవిడకి తెలుసు.

"ఇవాళ ఉతికి తెస్తాను, నీ దగ్గరే ఉంచమ్మా," అంది. "మాసినప్పుడల్లా నా మూటలో వెయ్యి. దీంతోపాటు మీవి కూడా వెయ్యి."

పెదబాబుని క్షమించిందా అంటే, లేదు. దింపేసినందుకు కాకపోయినా, చోటు తెలిసీ చెప్పనందుకు ఆ రాత్రి గంజి తాగేటప్పుడు కూడా తిట్టుకుంది. ఆదివారం యెహెజ్కేలు దారి చూపిస్తే అనపర్తి వెళ్ళాలని అనుకుంది. అదంతా తరవాతి సంగతి.

రేవుకొచ్చేసరికి పోలమ్మ బాన కింద మంట ఎగదోసి, నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది. రేవులో మిగతావాళ్ళూ ఉతుకు ఆపి చూస్తున్నారు.

"బంగళా వంటవాడు చెప్పిపోయాడు, పేట పంతులుగారిదంటగా ఆ దుప్పటి. ముట్టుకున్నావా?" అంది పోలమ్మ.

"మనింటిదేనే," అంది నూకాలు.

దాన్ని బండకేసి కొట్టలేదు. కాలవలో మోకాళ్ళలోతుకి దిగి, నీళ్ళలోనే చేత్తో పిసికి, జాడించి, అందరూ చూస్తుండగా గట్టుమీద దొరసాని తెల్లదుప్పట్ల పక్కనే పరిచింది. గాలికి ఎగరకుండా మూడు కొసలమీద రాళ్ళు పెట్టింది. నాలుగో కొస, మూడు చుక్కలూ వంకర గీతా ఉన్నది, పైకి తిప్పి ఎండకి వదిలేసింది.