పిడి అడ్డంగా ఉండాలి

కార్లకు రంగు వేసే షెడ్డులో ఆ రోజు మా ఆయన తొలిసారి తానొక్కడే డ్రయ్యర్ బిగిస్తున్నాడు. రంగు చిమ్మే కంప్రెసర్ గాలిలోని తేమను అది లాగేస్తుంది. అది లేకపోతే ఆ తేమే నీటిబొట్లై రంగు మీద పొక్కులు లేపుతుంది. పని నెగ్గితే మేస్త్రి ఆయన్ని ఫిట్టరుగా ఉంచుకుంటాడు. నెగ్గకపోతే మళ్లీ మూటలు మొయ్యాలి.

పొద్దున్నే పాపకు జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. ఆయనకు ఫోన్ చేశాను. పాలు కక్కింది. మళ్లీ చేశాను.

"ఆఖరి వాల్వు దగ్గరున్నానే, పెట్టెయ్యి."

పెట్టలేదు. "పిల్ల కళ్లు తేలేస్తోందయ్యా" అని ఏడ్చాను. నిజానికి అది నిద్రలోకి జారుతోంది. నా భయానికి అలా కనిపించింది.

ఇంట్లో ఉండబట్టలేక పాపను భుజాన వేసుకుని షెడ్డుకే వెళ్లాను. గుమ్మంలో మేస్త్రి, "ఏమ్మా, నీ మొగుణ్ణి మేమేం కొరుక్కు తినంలే" అని నవ్వాడు. ముందు తెల్లకాగితం మీద గాలి కొట్టి తడి పడుతోందేమో చూద్దామన్నాడు పెయింటర్.

"కాగితమెందుకు? మావాడు బిగించాడు. నేరుగా కారు తలుపు మీదే రంగు కొట్టు" అన్నాడు మేస్త్రి. ఆ మాటకు మా ఆయన వీపు నిటారుగా అయింది.

కంప్రెసర్ వేసి రంగు కొట్టడం మొదలెట్టారు. అప్పుడు చూశాను.

బిగించేటప్పుడు షెడ్డు పని ఆగకుండా గాలిని డ్రయ్యర్ పక్కనుంచి పంపే పైపు ఒకటుంటుంది. చివర్లో దాని వాల్వు మూసెయ్యాలి. మొన్న అన్నం తింటూ మా ఆయనే గరిటె పెట్టి చూపించాడు. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు.

పిడి పైపు వెంబడే ఉంది.

"పిడి! ఏమయ్యా, పిడి!" ఆ హోరులో నా గొంతు నాకే వినబడలేదు. వేలు చూపించాను. ఆయన నా మొహం చూశాడు గాని వేలు చూడలేదు. పాపకేదో అయిందనుకుని పరుగున వచ్చి నుదుటి మీద చెయ్యి వేశాడు.

"చల్లగా ఉందే!" అన్నాడు, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు.

ఆయన వెనక నల్లటి తలుపు నిండా పొక్కులు.

మేస్త్రి తిట్టలేదు. రెండు వేళ్లతో పిడిని అడ్డంగా తిప్పి, కాగితం మీద గాలి కొట్టించాడు. పొడిగా ఉంది.

"తప్పు నాది మేస్త్రీ, నేనే ఫోన్ చేసి..."

"ఫోన్ నువ్వు చేశావమ్మా. వాల్వు మీద చెయ్యి నీది కాదుగా." మా ఆయన వైపు తిరిగి, "రేపట్నుంచి నీ మూటల దగ్గరికే పో నాయనా" అన్నాడు.

ఆయన స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి మేస్త్రి పెట్టెలో సర్దాడు. ఒక్కటైనా అందిద్దామంటే నా రెండు చేతుల్లోనూ పాపే.