పదికి సున్నా

ముప్పై ఏళ్ళుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను. మంచం దగ్గరికి వెళ్ళగానే నా నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "పదికి ఎంత నొప్పి?" ఎనిమిది అన్నవాళ్ళ దగ్గరికి పరుగెడతాను. సున్నా అన్నవాళ్ళు ఆగాలి. నా సొంత తమ్ముడు దేవదాసును కూడా అలాగే ఆపాను.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట వాడు మెడ చూపించాడు. కుడి భుజానికి కాస్త పైన చిన్న పొక్కు.

"నొప్పుందా?"

"లేదక్కా, సున్నా," అని నవ్వాడు.

"అయితే పో, అదే తగ్గిపోతాది."

బుధవారం పొద్దున హొసకోటె నుంచి ఆటోలో మా ఆసుపత్రికి వచ్చేసరికి ఆ పొక్కు నల్లటి పెచ్చయింది. దాని చుట్టూ మెడంతా దవడ దాకా ఉబ్బిపోయింది. అప్పుడూ నొప్పి లేదనే అన్నాడు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

డాక్టర్ సమీనాది నా కూతురి వయసు. పెచ్చును చూడగానే వాణ్ణి అడిగింది, "ఏం పని చేస్తారు?"

వాడు నా వైపు చూశాడు. చివరికి నేనే చెప్పాను, "డప్పులకు తోలు బిగిస్తాడు."

ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు. మా నాన్న తోలు పని చేశాడని ఊళ్ళో మమ్మల్ని బావి దగ్గర నిలబడనిచ్చేవాళ్ళు కాదు. నేను నర్సింగ్ చదివి మా ఇంట్లోంచి ఆ వాసన వదిలించాననుకున్నాను. వీడేమో ఫ్యాక్టరీ పని మానేసి మళ్ళీ దాన్నే పట్టుకున్నాడు. పాటలకు ప్లాస్టిక్ డప్పు పనికిరాదట. "నీ కర్మ నీది, లిడియా చేత తోలు ముట్టించినావో, మళ్ళీ నీ గడప తొక్కను" అని పోయిన క్రిస్మస్‌కు అందరి ముందూ అరిచాను. లిడియా వాడి కూతురు. తల్లి లేని పిల్ల, నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది.

"వర్తూరులో సొన్నప్ప గొర్రె ఉన్నట్టుండి పడి సచ్చిపోయింది మేడమ్," అన్నాడు దేవదాసు. "తోలు భుజాన ఏసుకొని తెచ్చినా. వారమైంది."

"ఆ తోలును ఇంకెవరు ముట్టుకున్నారు?"

"కోసింది సొన్నప్ప. మా ఇంట్లో నేనొక్కణ్ణే." నా ముఖం చూస్తూ చెప్పాడు.

సమీనా నన్ను పక్కకు పిలిచింది. "ఆంత్రాక్స్ అనిపిస్తా ఉంది సిస్టర్, ఆ గొర్రె తోలు నుంచే అంటి ఉంటుంది. శాంపిల్ పంపిద్దాం, రిపోర్ట్ కోసం ఆగకుండా ఇంజెక్షన్లు స్టార్ట్ చేద్దాం." సొన్నప్ప నంబరు తీసుకుని ఆరోగ్యశాఖకు ఫోన్ చేసింది.

వాపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో వాడి మెడ మీద గీత గీశాను. మధ్యాహ్నానికి వాపు ఆ గీతను రెండు వేళ్ళు దాటేసింది. కొత్త గీత గీశాను. మూడింటికల్లా దాన్నీ దాటి ఛాతీ మీదికి దిగింది. వాడి గొంతు బొంగురుపోయింది. ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వినిపిస్తోంది. నేను సమీనా మీదికి వెళ్ళాను.

"మందు ఎక్కుతానే ఉంది కదా డాక్టర్, ఎందుకు పెరుగుతా ఉంది? ఆ నల్లటిదాన్ని కోసెయ్యమని సర్జన్‌కు చెప్పండి."

"కోయకూడదు సిస్టర్, దాంతో ఇంకా పాకవచ్చు. మందు క్రిమిని చంపుతుంది. కానీ అది వదిలేసిన విషం అప్పటికే ఒంట్లో ఉంది కదా, దాన్ని మందు వెనక్కి తీసుకోలేదు. ఆ విషంలో మూడు భాగాలుంటాయి, ఒకటి కణానికి అతుక్కుని తలుపు తీస్తుంది. మిగతా రెండూ ఆ తలుపులోంచి లోపలికి దూరతాయి. ఒకటి నీళ్ళు ఊరేలా చేస్తుంది, ఈ వాపు దాని పనే. ఇంకోటి మనల్ని కాపాడే కణాల నోరు నొక్కేస్తుంది, కండను చంపేస్తుంది. ఆ నలుపు అదే."

"మరి నొప్పి?"

"నొప్పి చెప్పే నరాలను కూడా ఆ విషమే మూగబోయేలా చేస్తుందని కొత్తగా తేల్చారు. రేపటిదాకా వాపు పెరుగుతూనే ఉండొచ్చు. అంతవరకూ ఊపిరి ఆగకుండా చూసుకోవాలి."

సున్నా అంటే ఏమీ లేకపోవడం అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఐసీయూకి మార్చి, గొంతులో ట్యూబు వేయడానికి సిద్ధమయ్యారు. మత్తు ఇచ్చేముందు దేవదాసు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. "అక్కా... తోలు..."

"ఆ తోలు మాట ఎత్తొద్దురా. మాట్లాడకు, ఊపిరి దాచుకో," అని వాడి నోరు మూయించాను.

గురువారమంతా గీతలతోనే గడిచింది. మధ్యాహ్నం నాలుగో గీత దాటింది. సాయంత్రం ఐదో గీత దగ్గర ఆగినట్టు కనిపించింది కానీ నమ్మలేదు. రిపోర్టులో ఆంత్రాక్సే అని వచ్చింది. లిడియా కాలేజీకి పోకుండా అద్దం తలుపు బయటే నిలబడింది, కుడిచెయ్యి చున్నీలో చుట్టుకుని. చలేస్తోందేమో అనుకున్నాను. తినమ్మా అంటే తినలేదు.

శుక్రవారం వాపు గీత నుంచి వెనక్కి తగ్గింది. శనివారం పొద్దున ట్యూబు తీశారు. వాడు సొంతంగా మొదటి ఊపిరి పీల్చుకుంటే నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. లిడియాను లోపలికి పిలిచాను.

దేవదాసు కూతుర్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. గొంతు ఇంకా గరగరలాడుతూనే ఉంది.

"అక్కా, తిట్టొద్దు. ఆ తోలుకు బొచ్చు గీకింది నేనొక్కణ్ణే కాదు. పాప కూడా గీకింది. నువ్వేమంటావో అని డాక్టరమ్మకు చెప్పలేదు."

నేను లిడియా వైపు తిరిగాను. ఆ పిల్ల మెల్లగా చున్నీ విప్పింది. మణికట్టు మీద చిన్న పొక్కు, మధ్యలో ఆవగింజంత నలుపు.

"నిన్ననే నల్లగయింది అత్తా. నాన్నకు తగ్గినాక చెప్దామనుకున్నా. నువ్వు కోప్పడతావని..." నా ముఖం చూసి తొందరగా అంది, "నొప్పేం లేదత్తా. పదికి సున్నా."

ఆ చేతిని పట్టుకుని సమీనా గదివైపు పరుగెత్తాను.